సోలారు బండికి ముహూర్తం

“ఫ్యూజు ఎక్కడ పెట్టారండి?” అంది వీరవేణి, వ్యాను వెనక తలుపు దగ్గర నిలబడి.

“ఫ్రిజ్ పక్కన. ఇదిగో, కనిపిస్తోంది కదా,” అన్నాడు ఆమె భర్త శ్యాంబాబు లోపల్నుంచి.

“అక్కడుంటే ఏం లాభం? బ్యాటరీ నుంచి ఫ్రిజ్ దాకా వచ్చే తీగ మధ్యలో ఎక్కడైనా షార్టయితే ఆపేదెవరు? ఫ్యూజు బ్యాటరీని ఆనుకునే ఉండాలి.”

శ్యాంబాబు స్క్రూడ్రైవరు అందుకున్నాడు. ప్రహరీ అవతల నుంచి పక్కింటి దొరబాబు తొంగిచూసి నవ్వాడు.

“ఇవాళ కూడా ఫెయిలేనా అన్నయ్యగారూ?”

ఒకప్పుడు స్కూలు పిల్లల్ని తిప్పిన పాత వ్యాను అది. సీట్లు పీకేసి, ఒక మంచం, చిన్న ఫ్రిజ్, ఫ్యాను, వంటకో గట్టు అమర్చారు. పైకప్పు మీద సోలారు పలకలు, మంచం కింద బ్యాటరీ. నాసిక్ దగ్గర గోదావరి పుట్టినచోటికి వెళ్లి, అక్కణ్ణుంచి ఏటి వెంటే ఆగుతూ ఆగుతూ అంతర్వేది దాకా రావాలన్నది ప్రయాణం. జూన్ పడితే అటు వానలు. ఈ వారంలో కదలకపోతే ఇక వచ్చే ఏడాదే. వీరవేణి హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి, ఈమధ్యే మానేసింది. వైరింగంతా తను చూసి సరే అనేదాకా బండి గేటు దాటదని ముందే చెప్పేసింది.

శ్యాంబాబుకి కరెంటు పని కొత్తేం కాదు. ఆకివీడు చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లకి వైర్లు లాగింది ఆయనే. నీళ్లలో తిరిగే మోటార్లు, ఇంతవరకూ ఎవరికీ షాకు కొట్టలేదు. అంతటి పనివాడు ఇంట్లో బండి దగ్గరికొచ్చేసరికి తప్పు మీద తప్పు చేస్తున్నాడు. ఊళ్లు తిరగాలన్న తొందరలో చెయ్యి నిలవట్లేదని దొరబాబు వీధంతా చెప్పి నవ్వించాడు.

మర్నాడు మళ్లీ తనిఖీ.

“రేకుకి కన్నం పెట్టి తీగ అలాగే దూర్చేశారేంటండీ? కుదుపులకి రేకు అంచు తీగని కోసేయదూ? రబ్బరు రింగేదీ?”

“మర్చిపోయాను.”

“మీరా!”

శ్యాంబాబు తీగ వెనక్కి లాగాడు. రబ్బరు రింగు పడింది. ఆ తర్వాత బ్రేకరు దగ్గర ఆగింది వీరవేణి.

“ఇది ఇళ్లల్లో పెట్టే ఏసీ బ్రేకరు కదండీ. బ్యాటరీ కరెంటుని ఇది ఆపబోతే లోపల పుట్టిన నిప్పు ఓ పట్టాన ఆరదు. డీసీది కావాలి.”

“ఆకివీడులో దొరకదు వేణీ.”

“భీమవరంలో దొరుకుతుంది. మధ్యాహ్నం బస్సుకి వెళ్లొచ్చేయండి.”

బస్సు కోసం బయలుదేరిన శ్యాంబాబుని దొరబాబు వీధిలో పట్టుకున్నాడు.

“నేను చెప్తాను వినండి. మంచం ఒక్కరికే సరిపోయేలా చేయించారు. మిమ్మల్ని ఒక్కర్నీ పంపడం వదినగారికి ఇష్టం లేదు. అందుకే ఈ వంకలన్నీ.”

“వంకలు కాదు దొరబాబూ. ఆవిడ చెప్పేవన్నీ నిజాలే,” అని శ్యాంబాబు గబగబా నడిచాడు.

శుక్రవారం ఉదయం ముహూర్తం పెట్టారు. పంతులుగారు కొబ్బరికాయ కొట్టించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించారు. శ్యాంబాబు నిచ్చెన వేసుకుని పైకెక్కాడు. సోలారు పలకలకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ముంజేయంత లావు బంతిపూల దండ అడ్డంగా పరిచాడు. ఇంత ముచ్చటగా పూజ చేసినవాళ్లని చూడలేదన్నాడు దొరబాబు.

వీరవేణి లోపల మీటరు చూస్తోంది.

“ఎండ ఇంత కాస్తుంటే కరెంటు సగం కూడా రావట్లేదేంటండీ?”

బయటికొచ్చి పైకి చూసింది.

“పలకల మీద దండా! కొన్ని గళ్ల మీద నీడ పడినా మొత్తం మందగిస్తుంది. నీడ పడ్డచోట వేడెక్కి మాడిపోతుంది కూడా. తీసేయండి.”

“పూజలో వేసిన దండ అప్పుడే తీస్తే అపశకునం. ఇవాళ్టికి ఉండనీ, ప్రయాణం తర్వాత చూసుకోవచ్చు.”

“పూజ బండికి కదండీ? ముందువైపు కడదాం. ఆ పసుపు కూడా తుడిచేయండి.”

దండ కిందికి దిగింది. తడిగుడ్డతో పలకలు తుడిచాక మీటరు ముల్లు పైకి లేచింది. ఫ్యాను తిరిగింది. ఫ్రిజ్ ఆన్ అయింది. వీరవేణి ప్రతి తీగనీ చేత్తో తడిమి చూసింది. ఎక్కడా వెచ్చగా లేదు.

పంతులుగారు తాంబూలం తీసుకుని వెళ్లిపోయారు. వీరవేణి భర్త దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

“చెరువుల్లో ఒక్క తప్పూ చేయని మనిషి, ఇక్కడ ఇన్నెలా చేశారండి?”

శ్యాంబాబు తడిగుడ్డని పిండి నిచ్చెన మీద ఆరేశాడు.

“భయమేసింది వేణీ. తప్పులుంటే నువ్వు బండిని కదలనివ్వవు కదా. ఎక్కడో తెలియని ఊళ్లో, రోడ్డు పక్కన, ఒంటరిగా...”

“ప్రతి తీగా నేను చూశాను కదా. ఏమీ కాదండి.”

“వచ్చే ఏడాది అనుకోకూడదా?”

“పోయినేడూ ఇదే అన్నారు.”

ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వీరవేణికీ బాధగానే ఉంది, కానీ మాట మార్చుకోలేదు. శ్యాంబాబు ముఖం తుడుచుకుని, వెళ్లి గేటు రెండు రెక్కలూ బార్లా తీశాడు.

“గేటు నేనేస్తానండి, మీరెక్కండి అన్నయ్యగారూ!” అని అరిచాడు దొరబాబు.

వీరవేణి ఒక్కతే ఎక్కి బండి స్టార్ట్ చేసింది.