తెర మీద నవ్వు

“నాన్నా, అది నా నవ్వు!”

తెర మీద పెద్ద కంపెనీ లోగో వెలుగుతుంటే, దాని వెనక ఎవరో చిన్నపిల్ల కిలకిలా నవ్వడం వినిపిస్తోంది. డైరెక్టర్ చేతిలో పాప్‌కార్న్ పొట్లం నలిగిపోయింది. ఆ నవ్వు ఆయన కూతురిదే. తను తీసిన సినిమా మొదట్లో తమ బుల్లి కంపెనీ పేరు పడేటప్పుడు వినిపించాలని, పాపను వంటగట్టు మీద కూర్చోబెట్టి చక్కిలిగింతలు పెట్టి మరీ రికార్డు చేశాడు.

“వీళ్లు మన సినిమా కొని అటకెక్కించారు, సరే. దీన్నెలా వాడుకుంటారు?” అన్నాడు భార్యతో గుసగుసగా.

“అందులోని ప్రతి బొమ్మా, ప్రతి చప్పుడూ వాళ్లదేనని సంతకం పెట్టాం కదా.”

“కేసు వేద్దాం.”

“వేసి? రేపు ఇంకో సినిమా తీస్తే ఎక్కడ ఆడిస్తావు? హాళ్లూ వాళ్లవే, టీవీలూ వాళ్లవే. ఊరుకో.”

ముందు సీటావిడ వెనక్కి తిరిగింది. “ఏంటమ్మా, ఆ నవ్వు నీదా?”

“నాదే! కావాలంటే చూడండి,” అంటూ పాప కిలకిలా నవ్వేసింది.

ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. “అమ్మో! ఒక్కసారి వినగానే అచ్చు దించేసిందే!”

పాప తండ్రి వైపు చూసింది, నువ్వు చెప్పు అన్నట్టు.

భార్య మోచెయ్యి ఆయన డొక్కలో గుచ్చుకుంది. డైరెక్టర్ గొంతు సవరించుకున్నాడు.

“అవునండీ,” అన్నాడు. “చిన్నపిల్లలు కదా, ఎవరిది విన్నా ఇట్టే పట్టేస్తారు.”