జిన్ను గోడ ఆట

"ఆడోళ్లు క్లబ్బుకు రాగూడదని ఎవరన్నారమ్మా? మొగుళ్ల వెంబడి వస్తే టీ గూడా ఇస్తాము" అన్నాడు ఆదోని క్లబ్బు సెక్రటరీ సుబ్బన్న.

పేకాట బల్ల దగ్గర నవ్వులు లేచాయి.

శ్రీశైలమ్మ నవ్వలేదు. ఎమ్మిగనూరు నేతగాళ్ల పిల్ల. కాలేజీలో టెన్నిస్ నేర్చి, ఆదోని ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరుగా చేరింది.

"టీ వద్దు సార్. కోర్టు కావల్ల."

"అయితే మా ఆంజనేయను ఓడించు. ఆరేండ్ల నుంచి ఈడ అతనే ఛాంపియను. గెలిస్తే ఊళ్లో ఆడోళ్లందరికీ గేటు తీస్తాము."

"ఓడితే?"

"మళ్లీ ఈ గేటు తొక్కగూడదు."

"రాసియ్యండి."

సుబ్బన్న నవ్వుతూనే రాసిచ్చాడు. మూడు నెలల గడువు.

ఆమెకు కోర్టెక్కడిది? ఊరి చివర, పత్తి నుంచి గింజలు తీసే జిన్ను మిల్లు వెనక ఎత్తైన గోడ ఉంది. బడి వదలగానే ఆ గోడకేసి బంతి కొట్టడం మొదలుపెట్టింది.

రెండోనాడు జిన్ను వాచ్‌మన్ మారెప్ప వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. ఆ సీజనుకే కుదిరిన కొత్తమనిషి. తరిమేస్తాడనుకుంది.

"గోడకు అలుపు రాదు టీచరమ్మా, నీకే వచ్చేది. ఇంకో బ్యాటుంటే ఇయ్యి, నేను నిలబడతా."

"నీకు వస్తుందా?"

"ఈ పక్కకొస్తే ఆ పక్కకు పంపల్ల. అంతే గదా!"

రెండు గుంజలకు నెట్టులా గోనెపట్టా కట్టి, పంచె ఎగగట్టి, వట్టికాళ్లతో నిలబడ్డాడు.

ఆమె ఎటు కొట్టినా, ఎంత గట్టిగా కొట్టినా, బంతి తిరిగొచ్చి సరిగ్గా ఆమె బ్యాటు మీదే పడేది. పోనుపోను కాస్త పక్కకు, కాస్త కిందికి రాసాగింది. పరుగెత్తి అందుకోవాల్సి వచ్చేది.

ముసలాడికి గురి తప్పుతోందనుకుంది శ్రీశైలమ్మ.

"ఏం మారెప్పా, ఒక్క బంతైనా నాకు అందకుండా కొట్టలేవా?"

"నా చేతికి అది అలవాటు లేదమ్మా" అని నవ్వాడు.

సీజను ముగిసిన సాయంత్రం బ్యాటు తిరిగిచ్చేస్తూ అన్నాడు. "ఆడ పెద్దపెద్దోళ్లు కూసోనుంటారు. మర్యాదకని ఒక్క బంతి గూడా ఇడసొద్దు."

మర్నాడు పోటీ. కర్నూలు నుంచి జడ్జిగారొకరు అంపైరుగా వచ్చారు.

ఆంజనేయ మూలలకు కొట్టాడు. ఆమె అందుకుంది. గీత మీదికి కొట్టాడు. అందుకుంది. దక్కదనుకున్న ప్రతి బంతీ తిరిగొస్తుంటే అతని మొహం మాడింది.

గేములు అయిదు, అయిదు.

సుబ్బన్న లేచాడు. "బాగ ఆడినావమ్మా. ఇద్దరూ సమానమని సరిపెట్టుకుందాము."

"సమానమనే మాట మీ కాగితంలో లేదు సార్."

కంచె బయట నిలబడ్డ జిన్ను కూలి ఆడవాళ్లు కేక పెట్టారు. "అట్ల సెప్పు తల్లీ!"

ఏడు, అయిదు. శ్రీశైలమ్మ గెలిచింది.

సుబ్బన్నే వచ్చి గేటు బార్లా తీయాల్సి వచ్చింది.

జడ్జిగారు ఆమెను పిలిచారు. "ఎవరమ్మా నీ గురువు?"

"గురువెవరూ లేరు సార్. జిన్ను వాచ్‌మన్ ఒకాయన బంతులు తిరగ్గొట్టేవాడు. పాపం, ఆట రాదు. మూడు నెలల్లో ఒక్కటీ నాకు అందకుండా కొట్టలేకపోయినాడు."

జడ్జిగారు కుర్చీలోంచి లేచారు. "ఒక్కటి కూడానా? పేరేమిటి?"

"మారెప్ప."

"ఎక్కడున్నాడు?"

"నిన్ననే మూట కట్టుకొని పోయినాడు సార్. ఏ ఊరో నేనూ అడగలేదు."

ఆయన మళ్లీ కుర్చీలో కూర్చున్నారు.

"మద్రాసులో మా క్లబ్బు మార్కరమ్మా అతను. జీతం తీసుకుని సభ్యులతో ఆడేవాడు. వాళ్లకు అందేలా కొట్టడమే అతని ఉద్యోగం. జీతగాణ్ణి పోటీలకు రానిచ్చేవాళ్లు కాదు."

శ్రీశైలమ్మ బ్యాటు పక్కన పెట్టి దగ్గరకు జరిగింది.

"పదిహేనేళ్ల కిందట, ఫైనల్‌కు ముందునాడు, ఒక సభ్యుడు పొగరెక్కి 'దమ్ముంటే నిజంగా ఆడు' అన్నాడు. అందరూ చూస్తుండగా మారెప్ప ఆడాడు. ఒక్క గేమూ ఇవ్వలేదు. ఆ సాయంత్రమే ఉద్యోగం తీసేశారు."

"ఆ సభ్యుడు?"

జడ్జిగారు తల వంచుకున్నారు.

"మర్నాడు ఛాంపియనని కప్పు నాకిచ్చారమ్మా."