ఆఖరి బోరు

"మా ఇంట్లో బోరేంటండీ? మేం తాగేది కుళాయి నీళ్ళే," అంది కోడలు గుమ్మానికి అడ్డంగా నిలబడి.

ఇంజనీరు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. అతని వెనకున్న మేస్త్రీ చేతిలో, కర్ర చివర పళ్ళెం బిగించినట్టు ఓ యంత్రం ఉంది. భూమిలో ఇనుము తగిలితే కూత పెట్టే యంత్రం. పక్క ఖాళీ స్థలంలో పొద్దుటినుంచీ ఆ కూతలు వింటూ ఆమె వంటింట్లోకీ వీధిలోకీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది.

ఆ స్థలంలో ఒకప్పుడు పెట్రోలు బంకు ఉండేది. టాంకుకు చిల్లిపడి పెట్రోలు నేలలోకి ఇంకిపోతే, అడుగున నీళ్ళు ఎంత పాడయ్యాయో చూడడానికి చుట్టూ టెస్టు బోర్లు వేశారు. ఇప్పుడు నీళ్ళు బాగుపడ్డాయి. ఇక వాటి అవసరం లేదని సిమెంటు పోసి మూసేస్తున్నారు.

"తాగే బోరు కాదమ్మా, టెస్టు బోరు. అన్నీ మూసేశాం. ఒక్కటే దొరకడం లేదు. మీ పెరటి గోడ దగ్గరికొస్తే ఇది ఆగకుండా కూస్తోంది."

"గోడలో ఊచలుంటాయి కదా!"

"ఊచలకిది ఇంత గోల చెయ్యదమ్మా," అన్నాడు మేస్త్రీ.

ఆమె చూపు వెనక గది వైపు పోయింది. బంకు మూతపడ్డాక, అడిగే నాథుడు లేడు కదా అని ఆమె భర్త పెరటి గోడను ఓ గది పట్టేంత అవతలికి జరిపాడు. అత్తగారు పడుకునే గది అదే. గచ్చు చేస్తున్నప్పుడు ఓ ఇనప మూత అడ్డొచ్చింది. తవ్వితే నలుగురి కళ్ళలో పడుతుందని దాన్ని అలాగే వదిలేసి, పైన చాప పరిచి మంచం వేశాడు.

లోపలికెళ్ళి భర్తకు ఫోన్ చేసింది.

"లోపలికి రానివ్వకు. అమ్మకి ఒంట్లో బాగాలేదని చెప్పు," అని పెట్టేశాడాయన.

వచ్చి అదే చెప్పింది. ఇంజనీరు కదల్లేదు.

"ఆ జాగా ఎవరిదో కొలవడానికి రాలేదమ్మా నేను," అన్నాడు మెల్లగా. ఆమె మొహం చూసి అతనికి సగం అర్థమైపోయినట్టుంది. "నా గొడవంతా ఆ గొట్టం గురించే. దాన్ని మూయకుండా వదిలేస్తే, పైన పడ్డ చెత్తంతా వడకట్టే మట్టి కూడా లేకుండా నేరుగా నీళ్ళలోకి దిగుతుంది. మీరు తాగే కుళాయి నీళ్ళు కూడా ఈ భూమిలోంచి తోడినవే."

ఆమె చీర కొంగు వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది. ఎదురింటి పిల్లలు అరుగు మీద ఒకే సీసాలోంచి వంతులేసుకుని నీళ్ళు తాగుతున్నారు. వాళ్ళ వంక చూసి గుమ్మం లోంచి పక్కకి తప్పుకుంది.

"రండి. అత్తయ్యగారి మంచం కింద ఉంది."

గదిలో అడుగుపెట్టగానే యంత్రం కెవ్వుమంది. మంచం మీద అత్తగారు రెండు చేతులతో పట్టె పట్టుకుని బిగుసుకుని కూర్చుంది.

"అత్తయ్యా, కాస్త ఈ కుర్చీలోకి రండి."

"నేను లేవను."

"ఒక్క నిమిషం..."

"అర నిమిషం కూడా లేవను. ముసలిదాన్ని, నన్ను కదిలిస్తే ఊరుకోను!"

కోడలి కళ్ళు చెమర్చాయి. రోజూ కూరలో ఉప్పు దగ్గర్నుంచీ వాదులాడే మనిషి, ఇవాళ ఇల్లు కాపాడడానికి ఇంత తెగించి కూర్చుంది! దగ్గరికెళ్ళి చెవిలో చెప్పింది.

"ఫర్వాలేదత్తయ్యా. నేనే చెప్పేశాను. గది పోతే పోతుంది."

"గది పోతే పోనీవే! మంచం జరపడానికి మాత్రం వీల్లేదు."

కోడలికి ఏమీ పాలుపోలేదు. ఇంజనీరు బతిమాలాడు. సిమెంటు పోసి సాయంత్రానికి గచ్చు ఎప్పట్లా చేసిస్తామన్నాడు. అత్తగారు గోడ వైపు మొహం తిప్పుకుంది.

మేస్త్రీకి ఓపిక అయిపోయింది. "సార్, మీరా కొస పట్టుకోండి. మామ్మగారు లేవక్కర్లేదు," అన్నాడు. ఇద్దరూ మంచాన్ని మనిషితో సహా ఎత్తి పక్కకి జరిపారు.

"అయ్యో అయ్యో! నన్ను ఊరేగిస్తున్నారే!" అని అరిచింది ఆవిడ.

ఓ మూల మడతలుపడి నలిగిన చాపను తీశారు. గచ్చు మధ్యలో గుండ్రటి ఇనప మూత. ఓ పక్క బోల్టు ఊడిపోయి బొటనవేలంత కంత. మేస్త్రీ అందులో గునపం మొన దూర్చి ఒక్క తన్ను తన్నాడు. మూత పైకి లేచింది.

గొట్టం ఎక్కడా కనబడలేదు. గుంట నిండా మాత్రలు! తెల్లవీ, పసుప్పచ్చవీ, గులాబీ రంగువీ. కొన్ని వెలిసి పిండి అయిపోయాయి. కొన్ని ఈ పొద్దుటివే.

మేస్త్రీ వాటిని దోసిళ్ళతో తోడి, అడుగున గొట్టం మూతికున్న బిరడా తడిమి చూశాడు. "గట్టిగానే ఉంది సార్. ఒక్కటీ లోపలికి దిగలేదు."

కోడలు వంగి ఓ గులాబీ రంగు మాత్ర తీసి చూసింది. పూటపూటా గోరువెచ్చని నీళ్ళతో తను చేతిలో పెట్టిన మాత్రలు! "మింగారా?" అంటే, "మింగానే తల్లీ," అనేది ఆవిడ. మందులు భలే పనిచేస్తున్నాయని మొన్ననే డాక్టరు కూడా మురిసిపోయాడు.

"అత్తయ్యా!"

అత్తగారు ఆమె వైపు చూడలేదు. ఇంజనీరును చేత్తో దగ్గరికి పిలిచి గొంతు తగ్గించింది.

"సిమెంటు పోస్తే పోశావు గానీ నాయనా, పైన చిన్న కంత ఒకటి ఉంచు."