దారం లేని మిషన్

“పక్కింటివాళ్లు ఫిర్యాదు చేశారమ్మా. కుట్టుమిషన్ ఆపండి,” అన్నాడు మున్సిపాలిటీ హెల్త్ ఇన్‌స్పెక్టర్.

సూదిలో దారం లేదు, కింద గుడ్డ లేదు. అయినా ఆ ఇంటి కూతురు తొక్కుతూనే గొంతు తగ్గించింది.

“ఆపలేను సార్. నాన్న ఆస్పత్రిలోనే పోయారు. అమ్మకి చెప్పే ధైర్యం లేదు.”

“ఆవిడ ఆయన గురించి అడగదా?”

“పంతం. ఏళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. చూపు కూడా పోయాక, ఈ చప్పుడు వింటేనే ఆయన ఉన్నారని నిమ్మళంగా పడుకుంటుంది.”

మంచాన పడ్డ వృద్ధులను పలకరించడమూ అతని పనే. లోపలికి వెళ్లాడు. ముసలావిడ దిండు తడిసి ఉంది.

“మిషన్ ఆపమన్నది నువ్వేనా, నాయనా?” తడుముకుని అతని చెయ్యి పట్టుకుంది. “ఆయన తొక్కుడు నాకు తెలీదా? ఇది అమ్మాయిది.”

అతను మిషన్ చప్పుడు వైపు తిరిగాడు.

“ఆపించకు. ఈ చప్పుడున్నంతసేపే ఏడుస్తాను. ఆపితే దానికి వినపడుతుంది.”