పాట లేని కుక్క

కిటికీలోంచి టీవీ చూసీ చూసీ సినిమా కుక్కల పిచ్చి పట్టిన రాగి అనే కుక్క ఒక పెరట్లో కాపురముండేది. ఆ సినిమా కుక్కలు ఒక్కసారి మొరిగితే చాలు, జనం అంతా అర్థం చేసుకుని పరుగెత్తుకొచ్చేస్తారు. తనకూ అలాంటి రోజొకటి రాకపోతుందా అని రాగి కలలు కనేది.

ఆ రోజు రానే వచ్చింది. మిట్టమధ్యాహ్నం పిల్లికూన ఒకటి గేదెల కుడితి గోలెంలో పడిపోయింది. తల్లిపిల్లి అంచు చుట్టూ తిరుగుతూ, "ఒరే రాగీ, ఏదో ఒకటి చెయ్యరా!" అని ఏడ్చింది. రాగి కిటికీ దగ్గరికి ఉరికి, అచ్చం సినిమాలో లాగే మెడ ఎత్తి మొరిగింది.

"ఛీ! సినిమా చూడనివ్వదు వెధవ కుక్క!" అంటూ ఇంటావిడ చెప్పు విసిరింది.

రాగికి బుర్ర తిరిగిపోయింది. లోపల టీవీలోనూ ఓ కుక్క మొరుగుతోంది. దాన్ని చూసి ఇంటావిడ కొంగుతో కళ్లొత్తుకుంటోంది! అయినా ఆలోచించే వ్యవధి ఎక్కడిది? ఆ చెప్పునే నోట కరుచుకుని గోలెంలోకి వంగింది. కూన దాన్ని గోళ్లతో పట్టుకుని పైకి పాకింది.

"నేనూ అలాగే మొరిగాను కదత్తా, మరి నన్నెందుకు కొట్టింది?" అంది రాగి.

"ఆ టీవీ కుక్కకి వెనకాల పాట పెడతార్రా పిచ్చినాయనా. ఎప్పుడు ఏడవాలో ఆ పాటే చెబుతుంది. నీకెవరు పెడతారు?" అంది పిల్లి.

తడి కూన రాగి పొట్టకు ఆనుకుని గుర్రుగుర్రుమంటూ నిద్రపోయింది. రాగి కదలకుండా చెవులు రిక్కించింది. ఇది పాటేనా, కాదా? ఎంతసేపు విన్నా దానికి తేలలేదు.