కొత్తదే వెయ్యమన్నాను

మా కలప కోత మిషన్‌ని నడిపే ప్రోగ్రాం నా కొడుకు రాసిందే. అది పాత కంప్యూటర్‌లో తప్ప నడవదని, కొత్త కంప్యూటర్ లోపలే ఒక పాత కంప్యూటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్ పెట్టాడు. ఒకరోజు దాన్ని మధ్యలో ఆపి గిడ్డంగి పైకెక్కాడు. కాలు జారి పడి చనిపోయాడన్నారు అందరూ.

నెల తర్వాత మెకానిక్ వచ్చాడు.

"పెద్దాయనా, ఈ పాత సాఫ్ట్‌వేరే ఉంచితే అన్న ఆపిన చోటే తెరుచుకుంటుంది, కాకపోతే నత్తనడక. కొత్తది వేస్తే పరుగే. కానీ అన్న సేవ్ చెయ్యకుండా వదిలింది పోతుంది."

"పాతదే ఉంచండి మామయ్యా," అంది కోడలు. "ఆయన చివరిసారి ఏం చేస్తున్నారో చూడాలి."

"ఏడిస్తే కలప తెగుతుందా? కొత్తది వెయ్యవయ్యా!" అన్నాను.

"మీది గుండె కాదు, బండ," అని కోడలు లోపలికి వెళ్లిపోయింది. మెకానిక్ నా మొహం చూడకుండా కొత్తది వేసేశాడు.

అననివ్వండి. మావాడు నొక్కే బొత్తాం నాకు తెలుసు. ఆ పొద్దున మెకానిక్ రాకముందే, ఎవరూ లేనప్పుడు పాతదాన్ని తెరిచి చూశాను. చదువు అంతంతే కదా, తెర మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను.

పెళ్లానికి రాశాడు: "నాన్న మాటలు ఇక పడలేను. నేను పోయాక పాపను తీసుకుని ఆ ఇంట్లోంచి వెళ్లిపో."