స్వెట్టర్ అంచు

కుడిచేతికి ఆపరేషనయ్యాక వెనకటి పట్టు రాకపోవచ్చన్నాడు డాక్టరు. ఆయనకేం తెలుసు? అన్నిటినీ అనుమానించే నాకు నా చేతి మీద మాత్రం అనుమానం లేదు. ఈ నెల్లాళ్లూ వంటా మానలేదు, అల్లికా మానలేదు. సాయానికొచ్చిన వదినకు ఆ రెండూ సరిగా రావని నా నమ్మకం.

"ఇవి బంగాళాదుంప ముక్కలా, ఇటుకలా?" అంటూ ఎడంచేత్తో కూర కలిపేదాన్ని. రోజూ పగలు నేను కట్టుతోనే నాలుగు వరసలు అల్లితే, సాయంత్రం అదే స్వెట్టర్ మీద వదిన ఇంకో నాలుగు అల్లేది.

"నెమ్మదిగా నేర్చుకుంటావులే" అనేదాన్ని. ఆవిడ నవ్వి ఊరుకునేది.

ఈరోజు కట్టు విప్పారు. ఇంటికి రాగానే కళ్లజోడు పెట్టుకుని మొదటిసారి స్వెట్టర్ మొత్తం పరిచి చూశాను. నాలుగు వరసలు తీరుగా ఉంటే, తర్వాతి నాలుగు వలలా వదులుగా, పొడుగునా అలాగే ఉన్నాయి.

"కాళ్లతో అల్లావా తల్లీ? నీవల్ల మొత్తం విప్పాలి!"

"అంచు చూసి తిట్టు" అంది వదిన.

వరసలో మొదటి ముడిని అల్లకుండానే రెండో సూది మీదికి జరిపేయడం నా అలవాటు. అందుకే నా అంచు నున్నగా జడలా వస్తుంది. వదినది ముళ్లుముళ్లుగా ఉంటుంది.

వదులు వరసలన్నిటికీ అంచు నున్నగా ఉంది.

వదిన సూదులు నా కుడిచేతిలో పెట్టింది. ఒకటి జారి కింద పడింది. వంగి తీసి మళ్లీ అందిస్తూ, "నెమ్మదిగా నేర్చుకుంటావులే" అంది, ఈసారి నవ్వకుండా.